“ఆసియా వాళ్లకు బాగా పనిచేసే మాత్ర” పరీక్ష లేకుండా మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న అడిగినవారిది రాజోలు వైపు ఊరు. వాళ్లమ్మగారికి 56 ఏళ్లు, చుట్ట, బీడీ ఏదీ అలవాటు లేదు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకుని మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు వాడినా గుణం కనిపించలేదు. చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్, అడినోకార్సినోమా రకం, నాలుగో దశ అని తేలింది. ముక్కను ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉందో లేదో చూసే పరీక్షకు పంపారు, రిపోర్టుకు పది పన్నెండు రోజులు పడుతుందన్నారు. ఈలోపు అమెరికాలో ఉన్న బావగారు ఫోన్ చేసి, “ఆ మాత్ర ఆసియా వాళ్లకు బాగా పనిచేస్తుంది, ఆడవాళ్లకు, పొగ తాగనివాళ్లకు ఇంకా బాగా పనిచేస్తుంది, టైం వేస్ట్ చేయకండి” అన్నారట. ఆయన చెప్పింది జెఫిటినిబ్ అనే క్యాన్సర్ మాత్ర, అది తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. వేసెయ్యమంటారా, ఆగమంటారా అని మీ ప్రశ్న.

ఆగండి. రిపోర్టు వచ్చేదాకా ఆ మాత్ర వేయకండి. మీ బావగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదం. ఆ మాత్ర పనిచేసేది ఆసియా మనిషి మీద కాదు, ఒక ప్రత్యేకమైన మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు, ఉన్న గడ్డ మీద. ఆ మ్యుటేషన్ ఆసియా వాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, అంతే. అది లేని గడ్డ మీద ఈ మాత్ర వేస్తే పనిచేయకపోవడమే కాదు, కీమోతో దొరకాల్సిన లాభం కూడా పోతుంది. ఇంకో విషయం, ఇది మీరు అడగలేదు కానీ నాకు అన్నిటికంటే ముందు తట్టింది: అమ్మగారు ఇంకా టీబీ మందులు వాడుతున్నారా? దాని గురించి కింద వివరంగా రాస్తాను, అది మాత్రం దాటవేయకండి.

నేను రాజమండ్రిలో పంతొమ్మిదేళ్లుగా మెడికల్ ఆంకాలజీ ప్రాక్టీసు చేస్తున్నాను. సొంతూరు కోనసీమే. మీరున్న టెన్షన్ నాకు కొత్త కాదు. ముక్క తీసిన రోజుకీ రిపోర్టు వచ్చే రోజుకీ మధ్య ఇంట్లో వాళ్లకు నిద్ర ఉండదు. ఆ సమయంలో ఎవరేం చెప్పినా చేసేయాలనిపిస్తుంది.

ముందు ఈ “ఆసియా” మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. దాని వెనక ఇరవై ఏళ్ల కథ ఉంది.

జెఫిటినిబ్‌కు మొదట అనుమతి ఇచ్చింది జపాన్, 2002లో. ఏడాది తర్వాత అమెరికా కూడా ఇచ్చింది. అప్పటికి అది ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చేయదో ఎవరికీ తెలియదు. పదిమందికి ఇస్తే ఒకరిద్దరికి గడ్డ మంచులా కరిగేది, మిగతావారికి ఏమీ అయ్యేది కాదు. ఆ ఒకరిద్దరిలో జపాన్ వాళ్లు, ఆడవాళ్లు, పొగ తాగనివాళ్లు ఎక్కువగా కనిపించారు. తర్వాత ఐసెల్ అనే పెద్ద అధ్యయనం, దాదాపు 1,700 మందితో జరిగినది, మొత్తం మీద మాత్రకూ ఉత్తుత్తి మాత్రకూ ఆయుష్షులో గట్టి తేడా చూపలేకపోయింది. కానీ అందులో ఆసియా మూలాలున్నవారిని, ఎప్పుడూ పొగ తాగనివారిని విడిగా లెక్కేస్తే లాభం కనిపించింది. మీ బావగారి మాటకు మూలం అక్కడుంది.

దానికి అసలు కారణం 2004లోనే బయటపడింది. ఒకే వసంతంలో అమెరికాలోని బోస్టన్ నుంచి రెండు బృందాలు ప్రకటించాయి: మందు పనిచేసిన గడ్డల్లో ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పులు ఉన్నాయని. అందులో ఒక బృందం జపాన్ రోగుల గడ్డలు 58, అమెరికా రోగుల గడ్డలు 61 పక్కపక్కన పెట్టి చూసింది. జపాన్‌వాటిలో 15కి మ్యుటేషన్ ఉంది, అమెరికావాటిలో ఒక్కదానికే. అంటే మందుకు దేశం తెలియదు. అది వెతుక్కునే మార్పు ఒక దేశపు గడ్డల్లో ఎక్కువ, ఇంకో దేశపు గడ్డల్లో తక్కువ.

ఆ మార్పు ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. ఈజీఎఫ్‌ఆర్ అనేది కణం పొరలో నాటుకుని ఉండే ప్రొటీన్. కొంత భాగం బయటికి, కొంత లోపలికి, నడుమ ఒక సన్నటి ముక్క పొరను దాటుకుంటూ ఉంటుంది. కాలువ గట్టులో తూము ఉన్నట్టు. బయటి నుంచి “పెరుగు” అనే కబురు తెచ్చే చిన్న ప్రొటీన్ ఒకటి వచ్చి బయటి భాగానికి తగులుకుంటుంది. దాని పేరు ఈజీఎఫ్, దాన్ని కనిపెట్టినందుకే స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. కబురు అందగానే పక్కపక్కనున్న రెండు ఈజీఎఫ్‌ఆర్‌లు జత కడతాయి. వాటి లోపలి భాగాలు ఒకదాన్నొకటి మేల్కొలుపుతాయి. అక్కడి నుంచి సంకేతం కేంద్రకం దాకా పోతుంది, కణం విభజనకు సిద్ధమవుతుంది. పని కాగానే కణం ఆ ప్రొటీన్‌ను పొర మీద నుంచి లోపలికి లాక్కుని నాశనం చేస్తుంది. చేను తడిశాక కాలువ చూసుకునే లష్కరు వచ్చి తూము దించేసినట్టు.

మ్యుటేషన్ వచ్చిన ఈజీఎఫ్‌ఆర్‌లో ఈ రెండు పనులూ చెడతాయి. లోపలి భాగం ఆకారం మారిపోయి, బయటి నుంచి కబురు రాకపోయినా తెరుచుకునే ఉంటుంది. కణం దాన్ని లోపలికి లాగి తుడిచేయడం కూడా సరిగ్గా సాగదు. తూము తుప్పు పట్టి తెరుచుకున్న చోటే బిగిసిపోయిందనుకోండి, కాలువలు కట్టేయమని ధవళేశ్వరం నుంచి ఆర్డరు వచ్చినా ఆ చేలోకి నీళ్లు పోతూనే ఉంటాయి. ఈ గడ్డ కణాలు ఆ ఒక్క తూము నీళ్ల మీదే బతకడానికి అలవాటు పడిపోతాయి. మాత్ర చేసేదల్లా లోపలి భాగంలో ఏటీపీ అనే, కణానికి శక్తినిచ్చే అణువు కూర్చునే గుంటలో తాను కూర్చుని ఆ నీళ్లు ఆపడం. చిత్రమేమిటంటే, మ్యుటేషన్ వల్ల ఆ గుంటకు ఏటీపీ మీద పట్టు తగ్గి, మాత్ర మీద పట్టు పెరుగుతుంది. అందుకే ఒక్కోసారి రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గిపోతుంది. ఆక్సిజన్ పెట్టుకుని వచ్చినవాళ్లు నెల తిరక్కుండా నడుచుకుంటూ వచ్చి కూర్చోవడం నేను చూశాను.

మ్యుటేషన్ లేని గడ్డకు ఆ తూమే ఆధారం కాదు, అది వేరే కాలువ నుంచి నీళ్లు తెచ్చుకుంటోంది. ఇక్కడ మాత్ర వేస్తే ఎండిపోయేది ఏముంది?

దీనికి గట్టి రుజువు ఐపాస్ అనే అధ్యయనం, 2009లో అచ్చయింది. దాన్ని మీ బావగారికి పంపండి. తూర్పు ఆసియాలో 1,217 మందితో చేశారు. అందరూ ఆసియా వాళ్లే, అందరూ పొగ తాగనివారు లేదా ఎప్పుడో కొద్దిగా తాగి మానేసినవారు, అందరిదీ అడినోకార్సినోమాయే. అంటే మీ అమ్మగారి లాంటివాళ్లు. సగం మందికి జెఫిటినిబ్, సగం మందికి కీమో ఇచ్చారు. మ్యుటేషన్ ఉన్నవారిలో జబ్బు ముదరకుండా మాత్ర 9.5 నెలలు ఆపింది, కీమో 6.3 నెలలు. మ్యుటేషన్ లేనివారిలో లెక్క తలకిందులైంది: కీమో 5.5 నెలలు, మాత్ర నెలన్నర. గడ్డ బాగా తగ్గినవారు, మ్యుటేషన్ ఉంటే మాత్ర మీద నూటికి 71 మంది, లేకపోతే నూటికి ఒకరు. అదే ఖండం, అదే వయసు, అదే రకం జబ్బు. తేడా అంతా పొర మీదున్న ఆ ఒక్క ప్రొటీన్‌దే.

రెండో వైపు నుంచి కూడా చూడండి. యూరప్‌లో ఇలాగే మ్యుటేషన్ ఉన్నవారినే ఏరి జెఫిటినిబ్ లాంటిదే అయిన ఎర్లోటినిబ్ మాత్ర ఇచ్చారు, 2012లో ఫలితాలు వచ్చాయి. మాత్ర 9.7 నెలలు, కీమో 5.2 నెలలు. తెల్లవాళ్లకు కూడా అచ్చం అలాగే పనిచేసింది.

ఇంకొక మాట. ఇంగ్లీషులో “ఏషియన్ పేషెంట్స్” అని చదివినప్పుడల్లా మనల్ని మనం అందులో కలిపేసుకుంటాం. ఆ అధ్యయనాల్లో ఎక్కువమంది జపాన్, చైనా, కొరియా, తైవాన్ వాళ్లు. ఆసియాలో ఏడు చోట్ల అడినోకార్సినోమా రోగుల గడ్డలు వరసగా పరీక్షించిన పయనీర్ అధ్యయనం 2014లో వచ్చింది. వియత్నాంలో నూటికి 64 మందికి మ్యుటేషన్ ఉంది. మన దేశంలో నూటికి 22 మందికే, ఆ ఏడింటిలోనూ అన్నిటికంటే తక్కువ మనదే. పొగ తాగనివారిలో ఆ అవకాశం ఇంకా ఎక్కువ ఉంటుంది, మీ అమ్మగారికీ ఉండొచ్చు. కానీ “ఉండొచ్చు” అనే మాట మీద నేను నెలల తరబడి మందు వేయను.

వేయను అంటున్నాను కానీ ఒకసారి వేశాను. 2010 ప్రాంతం. అప్పట్లో మా వైపు నుంచి ఈ పరీక్షకు శాంపిల్ వేరే రాష్ట్రానికి పంపాలి, ఖర్చూ ఎక్కువే. ఆవిడకు నలభై దాటాయి, కొత్తపేట వైపు నుంచి వచ్చారు, పొగ అలవాటు లేదు. కీమో అంటే జుట్టు పోతుందని ఇంట్లో వాళ్లకు భయం. “ఏదైనా మాత్రలతో పోయేదుంటే చూడండి డాక్టరు గారూ” అన్నారు. ముక్క చాలా చిన్నది, పరీక్షకు సరిపోతుందో లేదో అనుమానం. ఆడమనిషి, పొగ తాగదు, ఆసియా మనిషి అని నేనే నాకు సర్దిచెప్పుకుని జెఫిటినిబ్ రాశాను. ఏడు వారాలు. మొదట ఒంటి మీద కురుపులు రావడంతో మందు పనిచేస్తోందని అందరం సంబరపడ్డాం. ఎనిమిదో వారం స్కాన్‌లో కాలేయంలో కొత్త మచ్చలు కనిపించాయి. మళ్లీ ముక్క తీసి పంపితే మ్యుటేషన్ లేదు. అప్పుడు కీమో మొదలుపెట్టాం, కొంతకాలం పనిచేసింది కూడా. ఆ ఏడు వారాలు మాత్రం ఆవిడకు నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

దీనికి పూర్తిగా ఎదురు కేసు ఇంకొకటి. గౌతమి లంకల్లో పొగాకు పండించే పెద్దాయన. లంక పొగాకు చుట్ట నోట్లో లేకుండా నేను ఆయన్ని చూడలేదు, వార్డు బయట చెట్టు కింద కూడా చుట్టే. “ఈయనకు మ్యుటేషన్ పరీక్ష ఎందుకు, దండగ” అని ఒక జూనియర్ డాక్టరు అన్నాడు. పంపించాను. ఎక్సాన్ 19 డిలీషన్ అనే ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్ ఉందని వచ్చింది. మూడేళ్లకు పైగా మాత్ర మీదే ఉన్నారు, అందులో రెండు సార్వాలు స్వయంగా చేలోకి దిగారు. కొడుకు వచ్చినప్పుడల్లా “చుట్ట మాన్పించండి సార్, మా మాట వినట్లేదండి” అని ఫిర్యాదు చేసేవాడు. చుట్ట నేనూ మాన్పించలేకపోయాను.

కాబట్టి మనిషిని చూసి ఊహించకండి, రిపోర్టు చూడండి. రిపోర్టులో “పాజిటివ్” అనే ఒక్క మాట చాలదు, ఏ మ్యుటేషనో చదవండి. ఎక్సాన్ 19 డిలీషన్, ఎల్858ఆర్ అనే రెండూ ఎక్కువమందికి ఉంటాయి, మాత్రలు బాగా పనిచేసేది వీటి మీదే. ఎక్సాన్ 20 ఇన్సర్షన్ అని ఉంటే అది కూడా ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషనే, కానీ జెఫిటినిబ్ లాంటి మామూలు మాత్రలకు లొంగదు. ఆ తేడా తెలియక “పాజిటివ్ వచ్చింది కదా” అని మాత్ర మొదలుపెట్టి నా దగ్గరికి వచ్చినవారున్నారు.

ఇప్పుడు టీబీ మందుల సంగతి. మన జిల్లాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను మొదట టీబీ అనుకోవడం చాలా మామూలు. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ రెండిటికీ ఉంటాయి. ఎవరినీ తిట్టనక్కర్లేదు, నిజంగా రెండూ ఉన్నవాళ్లు కూడా ఉంటారు. కానీ టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం ఎర్రగా వచ్చేది దానివల్లే. అది కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైములను రెచ్చగొడుతుంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఇదే రకంలో కొత్తదైన ఒసిమెర్టినిబ్, ఏది వేసినా దాంట్లో చాలా భాగం రక్తంలో నిలవకుండా పోతుంది. మనిషి మాత్ర వేసుకుంటూనే ఉంటాడు, గడ్డకు అందదు. మండపేట నుంచి వచ్చిన ఒకాయనకు సరిగ్గా ఇదే జరిగింది. మ్యుటేషన్ ఉంది, మాత్ర ఉంది, రెండు నెలలైనా స్కాన్‌లో మార్పు లేదు. వేరే చోట రాసిన టీబీ మందులు ఇంకా వాడుతున్నట్టు వాళ్లావిడ సంచీలోంచి స్ట్రిప్పులు తీస్తే గానీ తెలియలేదు. టీబీ లేదని ఛాతీ డాక్టరు తేల్చాక ఆ మందులు ఆపించాం, తర్వాతి స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. మీరు సొంతంగా టీబీ మందులు ఆపకండి. కఫంలో టీబీ నిర్ధారణ అయిందా, లేక ఎక్స్‌రే చూసి మొదలుపెట్టారా అని అడిగి, ఛాతీ డాక్టరూ క్యాన్సర్ డాక్టరూ మాట్లాడుకునేలా చేయండి. నిజంగా టీబీ ఉంటే దారి వేరేగా వేసుకోవాలి.

అలాగే గ్యాస్ మాత్రలు. పొద్దున్నే పరగడుపున పాంటప్రజోల్ వేసుకోవడం మన దగ్గర కాఫీ తాగినంత అలవాటు. అది కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తుంది, జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ ఆ యాసిడ్ ఉంటేనే సరిగ్గా ఒంటికి పడతాయి. ఒసిమెర్టినిబ్‌కు ఈ ఇబ్బంది లేదు. వాడుతున్న ప్రతి మాత్ర, చూర్ణం, నాటు మందు ఒక సంచీలో వేసుకుని డాక్టరు ముందు కుమ్మరించండి. సిగ్గుపడాల్సింది లేదు.

రిపోర్టు వచ్చేలోపు ఏం చేయాలి? అమ్మగారు నడుస్తూ, తింటూ ఉంటే పది రోజులు ఆగడంలో నష్టం లేదు. ఈలోపు మెదడుకు ఎంఆర్‌ఐ తీయించండి, ఈ రకం జబ్బు తలకు పాకే గుణం ఎక్కువ. ఛాతీలో నీరు చేరి ఆయాసం ఉంటే ఆ నీరు తీయించండి. ఆ నీటిని పారబోయకుండా ల్యాబ్‌కు పంపమనండి, ముక్క చాలకపోతే అందులోని కణాలతోనే మ్యుటేషన్ పరీక్ష చేయవచ్చు. రక్తంతో చేసే పరీక్ష కూడా ఉంది, త్వరగా వస్తుంది. అందులో మ్యుటేషన్ కనిపిస్తే నమ్మొచ్చు. కనిపించకపోతే మాత్రం లేదని కాదు, ముక్క రిపోర్టు కోసం చూడాల్సిందే.

ఆరోగ్యం జారిపోతోంది, ఆగలేం అనుకుంటే డాక్టరు ఒక విడత కీమో మొదలుపెట్టవచ్చు, మ్యుటేషన్ ఉందని తేలాక మాత్రకు మారవచ్చు లేదా కలపవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: రిపోర్టు రాకముందు కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రక్షణ వ్యవస్థనే గడ్డ మీదికి ఉసిగొల్పే మందు) ఇంజెక్షన్ వద్దని అడగండి. అది ముందు పడి, తర్వాత ఒసిమెర్టినిబ్ మొదలైతే ఊపిరితిత్తుల వాపు ముప్పు పెరుగుతుంది. పైగా ఈ మ్యుటేషన్ ఉన్న గడ్డల మీద ఆ ఇంజెక్షన్ పెద్దగా పనిచేయదు.

మ్యుటేషన్ ఉందని వస్తే ఏ మాత్ర? ఇక్కడ డబ్బు మాట రాక తప్పదు. జెఫిటినిబ్ మన దేశంలోనే చాలా కంపెనీలు చేస్తున్నాయి, మామూలు కుటుంబం భరించగలిగే ధరలో దొరుకుతోంది. ఒసిమెర్టినిబ్ కొత్త తరం మందు, మెదడుకు బాగా చేరుతుంది. దీన్ని పాత మాత్రలతో పోల్చిన ఫ్లౌరా అధ్యయనంలో జబ్బును 18.9 నెలలు ఆపింది, పాతవి 10.2 నెలలు. ఆయుష్షు కూడా 31.8 నుంచి 38.6 నెలలకు పెరిగింది. 2024 కేంద్ర బడ్జెట్‌లో దీని మీద కస్టమ్స్ సుంకం తీసేశారు, అయినా ఖరీదైనదే.

మీ బావగారి “ఆసియా” మాటకు ఇక్కడ తమాషా మలుపు ఉంది. అదే ఫ్లౌరాలో ఆసియా వాళ్లను విడిగా చూస్తే జబ్బును ఆపిన కాలంలో లాభం స్పష్టంగా ఉంది కానీ, ఆయుష్షులో రెండు మాత్రల మధ్య తేడా కనిపించలేదు. ఆసియా బయటివాళ్లలో తేడా పెద్దది. అంటే కొత్త మాత్ర మనకు దండగా? నేను అలా అనను. మొత్తంలోంచి ఒక ముక్క విడదీసి చూస్తే లెక్కలు అటూ ఇటూ ఊగుతాయి. పాత మాత్ర వేసినవారిలో కొందరికి తర్వాత ఒసిమెర్టినిబ్ అందింది కూడా. కానీ ఇల్లూ పొలమూ అమ్మి కొత్త మాత్ర కొనాలా అని అడిగేవాళ్లకు నేను ఈ విషయం దాచను. ఐదెకరాలు ఉన్నవాళ్లు రెండెకరాలు అమ్మేసి, ఏడాది తర్వాత మందు ఆపేయాల్సి రావడం నేను చూశాను.

మన దేశపు అధ్యయనమే ఒకటి ఉంది, దాన్ని నేను ఎక్కువగా వాడతాను. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 350 మందితో చేశారు. జెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే జబ్బు 8 నెలలు ఆగింది, దానికి పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కీమో కలిపితే 16 నెలలు. ఆయుష్షు కూడా పెరిగింది. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం నూటికి 25 నుంచి 51కి పెరిగాయి. ఒంట్లో సత్తువ ఉండి, ఖరీదైన మాత్ర అందనివారికి ఇది మంచి దారి. అమ్మగారు ఎంత తట్టుకోగలరో చూసినవారే నిర్ణయించాలి, ఇక్కడి నుంచి నేను చెప్పలేను. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ మందు వస్తుంది, ఏది రాదు అని ముందే అడిగి రాయించుకోండి.

ఈ మాత్రలేవీ నాలుగో దశను పూర్తిగా నయం చేయవు. కొన్నాళ్లకు గడ్డ దారి వెతుక్కుంటుంది. జెఫిటినిబ్ మీద ఉన్నవారిలో సగానికి పైగా టీ790ఎమ్ అనే కొత్త మార్పు వస్తుంది. అది వస్తే మాత్ర కూర్చునే గుంట మళ్లీ ఏటీపీ వైపు మొగ్గుతుంది. ఒసిమెర్టినిబ్ ఆ గుంట అంచున గట్టిగా అతుక్కుపోతుంది కాబట్టి అప్పుడు కూడా పనిచేస్తుంది. అందుకే జబ్బు ముదిరినప్పుడు మళ్లీ పరీక్ష అంటే విసుక్కోకండి. తూర్పు ఆసియా వాళ్లలో కొందరికి పుట్టుకతోనే బిమ్ అనే జన్యువులో ఒక ముక్క లేకపోవడం వల్ల ఈ మాత్రల ప్రభావం తగ్గవచ్చని 2012లో గమనించారు. జపాన్ వాళ్లలో ఊపిరితిత్తుల వాపు ఎక్కువగా కనిపించింది. జాతిని బట్టి కొన్ని తేడాలు ఉంటాయని నేనూ ఒప్పుకుంటాను, కానీ అవి ఎప్పుడూ “ఆసియా వాళ్లకు మంచిది” అనే వైపే ఉండవు.

దుష్ప్రభావాలకు కూడా అదే ప్రొటీన్ కారణం. ఈజీఎఫ్‌ఆర్ చర్మంలోనూ పేగుల్లోనూ ఉంటుంది, మాత్ర దాన్నీ కొంత ఆపుతుంది. మొహం మీద, వీపు మీద మొటిమల్లాంటి కురుపులు వస్తాయి. గోకకండి, ఎండలోకి వెళ్తే తల మీద కొంగు కప్పుకోమనండి, డాక్టరు ఇచ్చే పూత, డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర వాడండి. విరేచనాలు రోజుకు నాలుగు దాటితే ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఫోన్ చేయండి. మన దగ్గర కొబ్బరి నీళ్లకు కొదవ లేదు, అవీ ఇవ్వొచ్చు, కిడ్నీ జబ్బు లేకపోతే. గోటి అంచుల్లో వాపు, చీము వస్తాయి. భీమవరం వైపు రొయ్యలు ఒలిచే ప్లాంటులో పనిచేసే ఒకావిడకు ఇది ఎంతకీ తగ్గలేదు. రోజంతా చేతులు ఐసు నీళ్లలో ఉంటే ఎలా తగ్గుతుంది? ప్యాకింగు వైపు మార్పించుకున్నాక నెలలో మానింది. మీ అమ్మగారు ఊడ్పులకు వెళ్లే మనిషైతే ఈ ఏడాదికి వద్దనండి.

ఒక్కటి మాత్రం ఇంట్లో ఆగే విషయం కాదు: మాత్ర మొదలయ్యాక కొత్తగా ఆయాసం, పొడి దగ్గు పెరిగితే ఆ రోజు మాత్ర వేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల వాపు అరుదే, కానీ ఆలస్యమైతే చేయి దాటిపోతుంది.

మ్యుటేషన్ లేదని వస్తే కంగారుపడకండి. అదే ముక్కలో ఏఎల్‌కే, రాస్1 అనే మార్పులు కూడా చూడమనండి, వాటికి వేరే మాత్రలున్నాయి. పొగ తాగనివారిలో అవి దొరికే అవకాశం తక్కువేం కాదు. అందుకే ముక్క ఉన్న పారాఫిన్ బ్లాకును (మైనపు దిమ్మను) జాగ్రత్తగా తెచ్చి మీ దగ్గర పెట్టుకోండి. ల్యాబ్ వాళ్లు అడిగితే ఇస్తారు, అది మీదే. వర్షాకాలంలో పంటు మీద గోదావరి దాటేటప్పుడు తడవకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు.

ఇంట్లో ఉన్న ఆ జెఫిటినిబ్ డబ్బా తెరవకపోయి, బిల్లు ఉంటే షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. రిపోర్టు రాగానే పేరు, ఆస్పత్రి నంబరు కనపడకుండా చెరిపేసి ఇక్కడే పెట్టండి. టీబీ మందుల స్ట్రిప్పు ఫొటో కూడా.